తొమ్మిది రాత్రులు కుంకుమ కోసం

ఆ సోమవారం పొద్దున్న ఆరింటికి కుంకుమ ఉండే గాజు ట్యాంకు లైటు వేద్దామని వెళ్తే మూత ఒక మూల వేలెడు పైకి లేచి ఉంది. నాలుగు మూలలకీ నాలుగు క్లిప్పులు. మూడు బిగించే ఉన్నాయి. నాలుగోది ముందురోజు రాత్రి నీళ్ళ గిన్నె మార్చాక నేనే నొక్కలేదు. కాళ్ళల్లో సత్తువ పోయినట్టయింది.

కుంకుమ నా పెంపుడు పాము, కార్న్ స్నేక్. నాలుగేళ్ళ క్రితం పెన్సిలంత పిల్లగా నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు మూడున్నర అడుగులు, నా బొటనవేలంత లావు. నారింజ రంగు ఒంటి మీద నల్లటి అంచుతో ఎర్రని మచ్చలు. తిరగేస్తే పొట్ట మీద నలుపు తెలుపు గళ్ళు, మొక్కజొన్న పొత్తు గింజలు పేర్చినట్టు ఉంటాయి. దీనికి విషం లేదు. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు అడవుల్లో, పాత ధాన్యపు కొట్టాల్లో ఎలుకల్ని పట్టి బతికే జాతి. చెట్లెక్కుతుంది, బెరడు కింద దూరుతుంది, ఎలుక బొరియల్లో పడుకుంటుంది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. అది ఇంట్లో ఎక్కడ దాక్కుంటుందో ఊహించాలంటే అడవిలో ఎక్కడ దాక్కుంటుందో తెలియాలి. నేను ఆ సగమే ఆలోచించి ఆరు రోజులు పోగొట్టుకున్నాను.

పాము కనిపించకపోతే మొదట చూడాల్సింది ట్యాంకే. మూత తెరిచి ఉన్నా సరే. ఎన్నోసార్లు అది పరుపుగా వేసిన పొట్టు అడుగునే ఉంటుంది. మొత్తం చేత్తో తిరగేశాను. వెచ్చటి వైపు గూడు ఎత్తాను, చల్లటి వైపు గూడు ఎత్తాను, నాచు డబ్బా తీసి చూశాను. లేదు. నాచు పట్టుకుంటే చేతికి గరగరలాడింది. ఆ క్షణంలో అది నా మనసుకి ఎక్కలేదు.

ఏడింటికి చెల్లి నైట్ షిఫ్ట్ నుంచి వచ్చింది. గుమ్మంలోనే చెప్పాను.

"తలుపు మెల్లగా వెయ్యి. కుంకుమ బయటికి వచ్చేసింది."

తను బ్యాగు నేల మీద పెట్టబోయి ఆగింది. భుజానికే ఉంచుకుని, "ఎప్పుడక్కా?" అంది.

"పదకొండింటికి నీళ్ళు పెట్టాను. ఆ తర్వాత ఎప్పుడైనా."

"అయితే ఇంట్లోనే ఉంటుందిలే. ముందు తలుపులు చూద్దాం పద."

చెల్లికి పాములంటే భయమూ లేదు, ముద్దూ లేదు. నాలుగేళ్ళలో కుంకుమని రెండుసార్లు పట్టుకుని ఉంటుంది. కానీ ఆ పొద్దున్న తను నిద్ర మానుకుని నాతో పాటు ప్రతి తలుపు కిందా తువ్వాలు చుట్టి కుక్కింది. ఏ గదిలో ఉందో తెలియనప్పుడు చేయాల్సింది అదే. ఎక్కడున్నదాన్ని అక్కడే ఆపాలి. అప్పుడు ఇల్లంతా ఒక్కసారి కాకుండా గది తర్వాత గది వెతకొచ్చు. బాత్రూమ్ నీళ్ళు పోయే రంధ్రాలకి జాలీలు బిగించాం, కమోడ్ మూత వేసి పైన బరువు పెట్టాం. వాషింగ్ మెషిన్ ప్లగ్ పీకేశాం. దాని అడుగు తెరిచే ఉంటుంది, లోపలికి దూరిందని తెలియక తిప్పితే ఇంకేమైనా ఉందా. సోఫా మీద కూర్చోవద్దు, సొరుగు విసురుగా మూయొద్దు, చెప్పుల్లో కాలు పెట్టేముందు దులుపు అని ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఇవన్నీ ఒక ఎత్తు, కింది వాటాలో ఉండే ఆంటీకి చెప్పడం ఒక ఎత్తు. చెప్పకుండా ఉండిపోవాలని మనసు ఒక్క గంటసేపు పీకింది. పాము ఆమె ఇంట్లోకి దిగితే? ఆమె భయంతో కర్ర తీసుకుంటే తప్పెవరిది? సాయంత్రం వెళ్ళి ఫోన్‌లో ఫొటో చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. విషం లేదని, ఎవరి మీదికీ రాదని, భయపడితే తోక ఆడిస్తుందని, మరీ బెదిరితే కరవొచ్చు గానీ గీసుకున్నంత గాయమేనని. ఇంకొకటి కూడా చెప్పాను, అది అన్నిటికన్నా ముఖ్యం. పాము ఏది కనిపించినా అది నాదే అనుకుని ఎవరూ ముట్టుకోవద్దు. దూరంగా నిలబడి దాని మీద చూపు ఉంచి నన్ను పిలవాలి. బయటి నుంచి వచ్చిన పామైతే సంగతి వేరు.

ఆంటీ అంతా విని, "ఎలకల కోసం జిగురు అట్టలు పెట్టానమ్మా మెట్ల కింద, తీసెయ్యనా?" అని ఆమే అడిగింది. ఆ మాట వినగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అట్టకి పాము అంటుకుంటే విడిపించుకోవాలని మెలికలు తిరిగేకొద్దీ ఇంకా అంటుకుంటుంది. లాగితే చర్మం ఊడి వస్తుంది. నూనె కొద్దికొద్దిగా రాస్తూ ఓపికగా వదిలించాలి తప్ప వేరే దారి లేదు. ఆంటీ అప్పటికప్పుడు మూడు అట్టలూ తీసి పడేసింది.

మొదటి మూడు రోజులు వెచ్చదనం వెంట పడ్డాను. పాముకి ఒంట్లో వేడి పుట్టదు, బయటి నుంచి తీసుకోవాల్సిందే అని చదివినదాన్ని కదా. ఫ్రిజ్ వెనక, రూటర్ కింద, కంప్యూటర్ పెట్టె వెనక, గీజర్ పైన, టీవీ వెనక. పుస్తకాల అరలో పుస్తకాలన్నీ దింపాం, ఎందుకంటే పుస్తకానికీ గోడకీ మధ్య సందు దానికి చెట్టు బెరడు లాంటిదే. తల పట్టిన చోట ఒళ్ళంతా పడుతుంది, కాబట్టి దాని తల ఎంతో అంత సందూ వెతకాల్సిందే. సోఫా తిరగేసి అడుగున గుడ్డ విప్పాం. ఫోన్ కెమెరా ఆన్ చేసి చెయ్యి పట్టని సందుల్లోకి పంపాను. దుమ్ము, పోయిందనుకున్న చెవిదుద్దు దొరికాయి. కుంకుమ దొరకలేదు.

రాత్రుళ్ళు దీపాలన్నీ ఆర్పి హాల్లో నేల మీద కూర్చునేదాన్ని. అది చీకటి పడ్డాకే తిరుగుతుంది. గంటకోసారి లేచి టార్చి వేసి గోడ వారనే చూస్తూ వెళ్ళేదాన్ని. పాము గది మధ్యలోంచి పోదు, ఒంటికి ఏదో ఒకటి తగులుతూ ఉండాలి దానికి. నిద్ర లేక మూడో రోజుకి ఆఫీసు పనిలో రెండుసార్లు ఒకే ఫైలు పంపాను. టెన్షన్‌లో ఆకలి కూడా తెలియలేదు. అది తిండి లేక చచ్చిపోతుందన్న భయం మాత్రం లేదు. తప్పించుకోవడానికి ఎనిమిది రోజుల ముందే ఎలుకని తింది, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము వారాల తరబడి ఉండగలదు. నా భయం తలుపు నొక్కుడు, కుర్చీ కాలు, కిటికీ సందు.

బుధవారం రాత్రి పిండి జల్లాం. జల్లెడతో మైదా, కింద పలక రంగు కనిపించేంత పలచగా, ప్రతి గది గుమ్మం ముందూ, హాల్లో గోడల వెంట ఒక జానెడు వెడల్పున. చెల్లి డ్యూటీకి వెళ్తూ వెళ్తూ తను నడిచిన అడుగుల మీద మళ్ళీ జల్లి వెళ్ళింది.

గురువారం పొద్దున్న నాలుగున్నరకి చూశాను. హాలు నుంచి నడవాలోకి తిరిగే మూల దగ్గర పిండి మీద ఒక గీత. చీపురు పుల్ల గీత కాదు, బొద్దింక కాళ్ళ చుక్కలు కాదు. బొటనవేలంత వెడల్పున, నున్నగా, వంపులు తిరుగుతూ ఉన్న దారి. వంపు బయటి వైపు పిండి సన్నటి గట్టులా నెట్టుకుని ఉంది. ఆ గట్టుకి ఆనుకునే అది ఒంటిని ముందుకి తోసుకుంటుంది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. ఉంది. బతికే ఉంది, ఇంట్లోనే ఉంది, హాల్లోనో నడవాలోనో ఉంది. చెల్లికి ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేసింది. "నడవా వైపే పోయింది చూడక్కా. అక్కడ వెచ్చగా ఏముంది?" అంది.

నడవాలో వెచ్చగా ఏమీ లేదు. వాష్‌బేసిన్, దాని కింద చెక్క అల్మరా, పక్కన ప్లగ్ పీకేసిన వాషింగ్ మెషిన్, అంతే. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోటు అది. నేను తల ఊపి ఊరుకున్నాను. అది దారి తప్పి అటు వెళ్ళిందనుకుని మళ్ళీ ఫ్రిజ్ వెనకే వెతికాను. చెల్లి అడిగిన ప్రశ్న దగ్గర ఆగి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి.

శనివారం మధ్యాహ్నం మెషిన్‌ని ముందుకి లాగినప్పుడు కుబుసం దొరికింది.

గొట్టాన్ని గోడకి బిగించిన క్లిప్పు అంచుకి ఒక కొన తగులుకుని ఉంది. అక్కడి నుంచి గోడ వారన సాగి, అల్మరా కింది పలక వైపు పడి ఉంది. చేతికి తీసుకుంటే ఇంకా మెత్తగా, కాస్త తడిగా ఉంది. ఎండిపోయిన కుబుసం పెళపెళలాడుతుంది, ఇది తడిసిన ట్రేసింగ్ పేపర్‌లా వేలికి అంటుకుంది. అంటే విడిచి ఎన్నో గంటలు కాలేదు. దీపం ముందు పట్టుకుని తల భాగం చూశాను. రెండు కళ్ళ మీది పొరలూ ఉన్నాయి, గుండ్రంగా, చిన్న అద్దాల్లా. పాముకి రెప్పలు ఉండవు, ఆ పారదర్శకమైన పొరలే కన్నుని కాపాడతాయి, కుబుసంతో పాటే రావాలి. వచ్చాయి. కానీ తోక చివర అర అంగుళం లేదు. తెగిపోయి దాని ఒంటికే ఉండిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాయి రెండు విషయాలు, ఒకదాని వెంట ఒకటి. తప్పించుకోవడానికి ముందు శనివారం దాని కళ్ళు పాలు కలిపిన నీలం రంగుకి తిరిగాయి. కుబుసం విడిచే ముందు అలాగే అవుతుంది, పాత పొరకీ కొత్త పొరకీ మధ్య ద్రవం చేరి చూపు మసకబారుతుంది. నేను చూశాను, చూసి నాచు తడపాలనుకున్నాను, తడపలేదు. రెండోది, సోమవారం పొద్దున్న నా చేతికి గరగరలాడిన ఆ నాచే.

కుంకుమ వెచ్చదనం కోసం వెళ్ళలేదు. వెచ్చదనం దానికి ట్యాంకులో ఉంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పెట్టి ముప్పై డిగ్రీల దగ్గర ఉంచిన వేడి మ్యాట్ ఉంది. దానికి లేనిది తేమ. అదే వెతుక్కుంటూ వెళ్ళింది. మెషిన్‌కి నీళ్ళొచ్చే కొళాయి చుక్కచుక్కగా కారి గోడ అడుగు ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. సరిగ్గా కావలసిన చోటే పట్టుకుంది. నేను ఆరు రోజులుగా "పాము ఎక్కడ ఉంటుంది" అని వెతికాను గానీ, ఈ పాముకి ఈ వారం ఏం కావాలి అని ఒక్కసారి అనుకోలేదు. ఆ రాత్రి చెల్లితో ఈ మాట చెప్తుంటే గొంతు పూడుకుపోయింది. తను ఏమీ అనలేదు, కుబుసాన్ని జాగ్రత్తగా పేపరు మీద పరిచింది.

ఆ పరచడంలోనే ఎటు పోయిందో కూడా తేలింది. పాము మూతి దగ్గర పొరని ఏదైనా గరుకుకి తగిలించి, ముందుకి పాకుతూ సాక్సు తిరగేసినట్టు తీసేస్తుంది. పొర లోపలి వైపు బయటికి వస్తుంది. కాబట్టి తల భాగం మొదలుపెట్టిన చోటే ఉండిపోతుంది, తోక భాగం పాము వెళ్ళిన వైపుకి ఉంటుంది. కుబుసం తల క్లిప్పు దగ్గర. తోక అల్మరా వైపు. అల్మరా కింది పలకకీ గోడకీ మధ్య రెండు వేళ్ళు పట్టే సందు ఉంది, లోపల అంతా బోలు.

పలక పీకేద్దామని స్క్రూడ్రైవర్ తెచ్చాను. చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "దాని మీదే ఆనుకుని పడుకుని ఉంటే?" నిజమే. గోడకి సిమెంటుతో అతికించిన పలక అది, బలంగా ఊడదీస్తే లోపల ఉన్నది నలిగిపోవచ్చు. దాన్నే బయటికి రానివ్వాలి.

ఇప్పుడు లెక్క తిరగబడింది. కుబుసం విడిచింది కాబట్టి తేమతో పని అయిపోయింది. కళ్ళు కనిపిస్తాయి, ఆకలి వేస్తుంది, వెచ్చదనం కావాలి. ట్యాంకులోంచి దాని వెచ్చటి గూడు తెచ్చి సందుకి మూరెడు దూరంలో, గోడకి ఆనించి పెట్టాను. గూడు కడగలేదు, దాని వాసన అలాగే ఉండాలని. అడుగున మ్యాట్, థర్మోస్టాట్ అదే ముప్పై మీద. లోపల ట్యాంకు పొట్టు రెండు గుప్పిళ్ళు. చీకటి పడ్డాక ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించి, వేడినీళ్ళల్లో వెచ్చబరిచిన ఎలుకని గూడు లోపల పెట్టాను. సందుకీ గూటికీ మధ్య, చుట్టూ పల్చటి ప్లాస్టిక్ సంచులు నలిపి పరిచాం. పాము నేల మీద పోతే చప్పుడు రాదు, సంచి మీద పోతే వస్తుంది.

ఆదివారం, సోమవారం రాత్రులు చెల్లికి వీక్లీ ఆఫ్ పడింది. రాత్రంతా మేలుకుని ఉండటం తనకి అలవాటే. "నువ్వు పడుకో, చప్పుడైతే లేపుతా" అని నడవా మొదట్లో చాప వేసుకుని కూర్చుంది. ఆదివారం ఏమీ రాలేదు. పొద్దున్నే ఎలుకని తీసి పారేశాను. సోమవారం మళ్ళీ కొత్తది పెట్టాను.

రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకి చెల్లి నా కాలి బొటనవేలు మెల్లగా లాగింది. "అక్కా, లే. సంచులు చప్పుడవుతున్నాయి."

టార్చికి ఎర్ర గుడ్డ కట్టి ఉంచుకున్నాం. ఆ వెలుతురులో చూస్తే కుంకుమ సంచి మీద ఉంది. కొత్త చర్మం తడి కుంకుమలా మెరుస్తోంది. తల గూటి గుమ్మం దగ్గర, నాలుక బయటికీ లోపలికీ ఆడుతోంది. కానీ ఒళ్ళు సగం ఇంకా అల్మరా సందులోనే ఉంది.

చెయ్యి చాచితే అందేంత దూరం. తొమ్మిది రాత్రులు ఎదురుచూసింది ఎదురుగా ఉంటే చెయ్యి ఆపుకోవడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. కానీ ఆ స్థితిలో పట్టుకుంటే లోపలున్న సగాన్ని సందుకి బిగించేస్తుంది. లాగితే వెన్నెముక దెబ్బతింటుంది. వదిలేస్తే లోపలికి పోయి ఇంకో వారం రాదు. అందుకని ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. తల గూట్లోకి పోయింది. ఒక మెలిక బయటికి వచ్చింది. ఆగింది. ఇంకో మెలిక. దాదాపు పది నిమిషాలు పట్టింది తోక సందు దాటడానికి. దాటిన క్షణంలో చెల్లి తన పక్కన మడిచి పెట్టుకున్న తువ్వాలుని ఒక్క తోపు తోసి సందు మూసేసింది. మేము ముందు అనుకున్నది కాదు అది, తనకే తట్టింది.

నేను గూడు మెల్లగా పైకెత్తాను. కుంకుమ ముడుచుకుని తోక టపటపా ఆడించింది. సంచి మీద ఆ చప్పుడు ఎండుటాకుల్లో గాలి లాగా ఉంది. పైనుంచి చెయ్యి దించితే గద్ద అనుకుంటుంది, అందుకే పక్క నుంచి, నేల మీదుగా చెయ్యి పోనిచ్చి నడుము కిందికి చేర్చాను. ఒక నిమిషం అలాగే ఉంచాను. తోక ఆగింది. నాలుక నా మణికట్టుని తాకింది. రెండో చెయ్యి కింద పట్టి ఎత్తుకున్నాను. చల్లగా ఉంది, బరువుగా ఉంది. నా చేతుల్లో ఉంది.

చెల్లి గోడకి జారగిలబడి, "నాకు ఇప్పుడు నిద్రొస్తోందక్కా" అంది.

తెల్లారేలోపు తూకం వేశాను. తప్పించుకోవడానికి ముందు వారం నాలుగు వందల పన్నెండు గ్రాములు, ఇప్పుడు మూడు వందల తొంభై ఒకటి. మూతి మీద దూది పోగు ఒకటి, పొట్ట మీద పిండి. నోరు, కళ్ళు, పొట్ట పొలుసులు అన్నీ చూశాను, గాయం లేదు. తోక చివర ఉండిపోయిన పొర మాత్రం ఉంగరంలా బిగుసుకుని ఉంది. అలాగే వదిలేస్తే రక్తం ఆడక తోక కొన పోతుంది. గాలి రంధ్రాలున్న డబ్బాలో పొట్ట మునిగేంత గోరువెచ్చని నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు ఉంచి, తడిగుడ్డలోంచి తోకని దాని అంతట అదే జారనిచ్చాను. రెండోసారికి ఊడింది. అర అంగుళం పొర, గుడ్డకి అంటుకుని.

ఆ తర్వాత నాలుగు రోజులు దాన్ని ముట్టుకోలేదు, నీళ్ళు మార్చడం తప్ప. శనివారం సాయంత్రం ఎలుకని పెడితే తడుముకోకుండా పట్టింది. తిన్నాక వెచ్చటి వైపు వెళ్తుందనుకున్నాను. తడి నాచు డబ్బాలోకి వెళ్ళి చుట్ట చుట్టుకుంది.

ఆదివారం ఆంటీ చూస్తానని పైకి వచ్చింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని అద్దానికి దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. "ఇంత బుజ్జి మొహమా దీనిది" అంది. నేను మాట్లాడుతూనే మూత నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా నొక్కి, వేలితో పైకి లాగి చూశాను. కదల్లేదు.